సెప్టెంబర్‌లో చెరువు నిండుగా ఉంటే వలస పక్షులను ఎక్కడ వెతకాలి?

బీరంగూడ_వాసి

హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ పెద్ద చెరువును సెప్టెంబర్ రెండో వారం నుంచి వరుసగా మూడు ఆదివారాలు చూశాను. పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా, కట్ట మీద నుంచి, 10×50 బైనాక్యులర్‌తో. చెరువు నిండుగా ఉంది. పట్టీలోకి ఎక్కినవి బుడుబుంగలు, నీటికోళ్ళు, నీటికాకులు, తెల్లకొంగలు, తీతువులు. ఇవన్నీ ఏడాది పొడుగునా ఇక్కడుండేవే. వలస పక్షులు ఆగస్టు నుంచే దిగుతాయంటారు కదా, మరి నాకెందుకు కనబడట్లేదు? వేళ తప్పా, చోటు తప్పా?

ఇంకో రెండు. ఒడ్డున గోధుమరంగు చిన్న పక్షి ఒకటి తోక ఆడిస్తూ పోయింది. పుస్తకంలో చూస్తే శాండ్‌పైపర్లు మూడు నాలుగు రకాలున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా పట్టాలి? స్పాటింగ్ స్కోప్ (ముక్కాలి మీద నిలిపి చూసే చిన్న టెలిస్కోపు) లేకుండా ఈ పని అవుతుందా?

మత్తడి_దగ్గర

మీ ప్రశ్నలోనే జవాబుంది: "చెరువు నిండుగా ఉంది". ముందొచ్చే వలస పక్షుల్లో ఎక్కువ భాగం ఈదేవి కావు, బురదలో నడిచేవి. వాటికి కావాల్సింది చెరువు కాదు, లోతు. లిటిల్ స్టింట్ లాంటి చిన్నదానికి తడి బురద, మహా అయితే చిటికెన వేలి మొదటి కణుపు మునిగేంత నీరు. వుడ్ శాండ్‌పైపర్‌కు రెండు కణుపులు. పొడుగు కాళ్ళ గాడ్‌విట్‌కు బెత్తెడు. కట్ట దగ్గర చెరువు అన్నిటికన్నా లోతుగా ఉంటుంది. మీరు నిలబడ్డదే అక్కడ. బాతులకు అది బాగుంటుంది కానీ, బాతులు గుంపులుగా రావడానికి ఇంకా నెల పైనే ఉంది.

కట్ట వదిలి ఎదురు చివరకు, అంటే నీళ్ళు చెరువులోకి వచ్చే వైపు శిఖం భూమికి (చెరువు నిండితే మునిగే నేలకు) వెళ్ళండి. అక్కడ నేల వాలు తక్కువ. చెరువు జానెడు తగ్గినా ఇరవై ముప్పై అడుగుల బురద బయటపడుతుంది. నిండు చెరువైనా ఆ అంచున పశువులు తొక్కిన గుంటలు, మడుగులు ఉంటాయి. బర్రెలు దిగే రేవు ఉంటే అది మొదట చూడాలి. పేడ, పురుగు, మెత్తని బురద మూడూ ఒకే చోట దొరుకుతాయి.

పెద్ద చెరువులో అస్సలు అంచు లేకపోతే దాన్ని వదిలేసి చుట్టుపక్కల కుంటలు తిరగండి. అర ఎకరం వాన మడుగులో కనబడేది కొన్నిసార్లు వంద ఎకరాల నీటిలో కనబడదు. వరి చేలలో వెతుకుతారేమో, సెప్టెంబర్‌కి వానాకాలం వరి బాగా ఎదిగి ఉంటుంది, శాండ్‌పైపర్లు అందులో దిగవు. పొలం గట్లు చూడండి, లేదా నాటు పడని మడి.

గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్‌లకు ఒక సులువుంది. నీటిమట్టం పేపర్లో వస్తూ ఉంటుంది. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5. మట్టం ఆ అంకెకు అడుగు లోపు ఉంటే బురద కోసం అక్కడికి వెళ్ళడం పెట్రోలు దండగ. నాలుగైదు అడుగులు తగ్గాక వెనక వైపు అంచులు తేలతాయి. వానలు బాగా పడ్డ ఏడాది అది చలికాలం మధ్యలో గానీ జరగదు.

వేళ సంగతి. సెప్టెంబర్‌లో సూర్యోదయం ఆరు దాటి నాలుగైదు నిమిషాలకు. మీరు పావు తక్కువ ఆరుకే అక్కడుండాలి. చిన్న పక్షుల్లో చాలావాటి ప్రయాణం రాత్రి పూట. తెల్లారేసరికి దిగి, ఆకలితో మొదటి గంటన్నర ఆపకుండా మేస్తాయి. ఏడుకు వచ్చేసరికి వాకింగ్ వాళ్ళు, కుక్కలు, చేపల వలల వాళ్ళు ఒడ్డు ఒకసారి చుట్టేసి ఉంటారు. రాత్రంతా వాన కొట్టి తెల్లారగట్ల తెరిపిచ్చిన రోజును మాత్రం వదలొద్దు. ఎగురుతున్నవి వానకు దిగిపోతాయి.

తూర్పు ఒడ్డున నిలబడి పడమరకు చూడండి. ఎండ వీపున ఉంటే రంగులు తెలుస్తాయి, ఎదురుగా ఉంటే అన్నీ నల్ల బొమ్మలే. ఇంకొకటి, నిలబడొద్దు. ఆకాశం మీద మనిషి ఆకారం కదిలితే అరవై గజాల దూరంలోనే లేచిపోతాయి. బురద అంచుకు ముప్పై గజాల దూరంలో తుమ్మ చెట్టు మొదట్లోనో గట్టు వారనో కూర్చుని ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే అవే మేసుకుంటూ దగ్గరకొస్తాయి. అన్నిటికన్నా ముందు మిమ్మల్ని పట్టేది తీతువు. అది అరవడం మొదలుపెడితే ఒడ్డంతా ఖాళీ. అది సద్దుమణిగే దాకా ఆగి అప్పుడు లెక్క మొదలుపెట్టండి.

శిఖంలో మట్టి తవ్విన గుంతలు నీళ్ళ కింద కనబడవు. పైన పగిలి ఎండినట్టున్న బురద కూడా లోపల మెత్తగా ఉంటుంది. కర్ర గుచ్చి చూడకుండా అడుగు వేయొద్దు.

తుంగగడ్డి

రెండో ప్రశ్నకు నేను చెప్తాను. తోక ఆడించిందని రాశారు కానీ అదొక్కటే చాలదు, ఈ గుంపులో చాలావాటికి ఆ అలవాటుంది. ఎంత ఆడించింది, లేచినప్పుడు ఏం కనబడింది, ఏమని అరిచింది, ఈ మూడు కావాలి.

కామన్ శాండ్‌పైపర్: రొమ్ము పక్కన, రెక్క భుజానికి ముందు, తెల్లని గాటు పైకి పొడుచుకొచ్చినట్టుంటుంది. రెక్క ముడిచినప్పుడు కూడా ఇది కనబడుతుంది, కాబట్టి మొదట చూడాల్సింది ఇదే. వెనక భాగమంతా ఆపకుండా ఊగుతూనే ఉంటుంది. లేస్తే నీటికి ఆనినట్టు తక్కువ ఎత్తులో పోతుంది. రెక్కలు పూర్తిగా ఆడించదు, కిందికి వంచి వణికించినట్టు రెండు మూడు కొట్టులు, ఒక జారు, మళ్ళీ కొట్టులు. రెక్క మీద తెల్లచార. బురదే కాదు, కట్ట రాళ్ళ మీద, కాంక్రీటు మీద కూడా ఉంటుంది. మీరు కట్ట దగ్గర చూసింది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

గ్రీన్ శాండ్‌పైపర్: వీపు ముదురు, దూరానికి దాదాపు నలుపు. లేచిందా, నల్లని రెక్కల మధ్య తెల్లని నడుము కొట్టొచ్చినట్టు మెరుస్తుంది. రెక్క కింద కూడా నలుపే. కంటి చుట్టూ తెల్లని వలయం, కనుబొమ గీత కంటికి ముందే ఆగిపోతుంది. ఒంటరిగా, మురుగు కాలవల్లో, చిన్న గుంటల్లో ఉంటుంది. సన్నగా, గట్టిగా ఈలలు వేస్తూ నిటారుగా పైకి లేచి చాలా దూరం పోతుంది.

వుడ్ శాండ్‌పైపర్: దీనికీ తెల్ల నడుమే, అందుకే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడ. కానీ దీని కనుబొమ గీత కంటి వెనక దాకా సాగుతుంది, వీపంతా లేత చుక్కలు, కాళ్ళు పసుపుపచ్చ, రెక్క కింద లేత రంగు. గుంపులుగా ఉంటుంది. కూత చిఫ్-చిఫ్-చిఫ్ అని పొడిగా.

ఆగస్టులో ముందొచ్చేవి ఎదిగిన పెద్ద పక్షులు. ఈకలు అరిగి, అంచులు చెదిరి, మాసిపోయినట్టుంటాయి. సెప్టెంబర్ నుంచి ఆ ఏడాది పిల్లలు వస్తాయి. ప్రతి ఈకకూ లేత అంచు, అప్పుడే ఇస్త్రీ చేసినట్టు శుభ్రంగా. పుస్తకంలో బొమ్మ ఒకదానిది, మీ ముందున్నది ఇంకోటి కావడం వల్ల సగం గందరగోళం పుడుతుంది. బొమ్మ కింద పెద్దదో పిల్లదో, ఏ కాలానిదో చూసుకుని పోల్చండి.

స్టింట్‌లలో కాళ్ళ రంగు చూడమంటారు: నల్లవి లిటిల్, లేత పసుపు ఆకుపచ్చవి టెమ్మింక్స్. మన బురదలో అన్ని కాళ్ళూ నల్లవే. కడుక్కునే దాకా ఆగాలి, లేదా నడక చూడాలి. లిటిల్ గడ్డిలేని బురదలో గబగబా పరుగెత్తుతుంది. టెమ్మింక్స్ గడ్డి అంచున ఒంగి, పాకుతున్నట్టు నెమ్మదిగా పోతుంది.

వ్యాగ్‌టెయిళ్ళు (నేల మీద తోక ఆడిస్తూ తిరిగే సన్నని పిట్టలు) కూడా ఈ నెలలోనే మొదలు. తోక శరీరానికి మించి పొడుగ్గా, తోక కింద పసుపు, పారే నీరు, రాళ్ళు ఉన్న చోట అయితే గ్రే. తోక పొట్టిగా, గడ్డిలో బర్రెల కాళ్ళ మధ్య పురుగులు ఏరుకుంటూ ఉంటే వెస్టర్న్ ఎల్లో. వీపు బూడిద, రెక్క మీద రెండు వెడల్పాటి తెల్లచారలు, చెంప చుట్టూ లేత రంగు వలయం పూర్తిగా తిరిగి ఉంటే సిట్రిన్. పిల్ల సిట్రిన్‌లో పసుపు అస్సలు ఉండకపోవచ్చు, కాబట్టి పసుపు లేదని కొట్టేయకండి, చెంప చూడండి. నల్లని తల మీద తెల్లని కనుబొమ ఉన్న పెద్దది మాత్రం మన ఊరిదే, ఎక్కడికీ పోదు.

రెండు_కళ్ళు

స్కోప్ గురించి. ఇప్పుడే కొనకండి. సెప్టెంబర్‌లో చూడాల్సింది అంచులే అని పైన చెప్పారు, అంచుకు ముప్పై గజాల్లో కూర్చునేవారికి స్కోప్ దేనికి? బాతులు నడి చెరువులో చేరే నవంబర్‌కి దాని సంగతి చూద్దాం.

మీ 10×50 కూడా పనికొస్తుంది. ముందు కటకం వెడల్పు 50 మి.మీ.ని, పెంచే రెట్లు 10తో భాగిస్తే కంటి వైపు వచ్చే వెలుగు వలయం 5 మి.మీ. 8×42లో 5.25. అంటే వెలుగులో తేడా లేనట్టే. ఇబ్బంది బరువుతోనూ వణుకుతోనూ. పది రెట్లు పెంచిన బొమ్మలో చెయ్యి వణుకు కూడా పది రెట్లు. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, లేదా ఆ బురద గుచ్చే కర్ర మీదే బైనాక్యులర్ ఆనించండి, ఒకే కర్రతో రెండు పనులు.

చాలామంది వదిలేసేది కుడి కంటి రింగు. కుడి కటకం మూసి, యాభై గజాల దూరంలో ఒక బోర్డు అక్షరాల మీద మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా కుడి రింగుతో అదే అక్షరాలు సరిచేయండి. రింగు ఏ గీత దగ్గరుందో గుర్తుంచుకోండి, సంచిలో తిరిగిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు రబ్బరు కప్పులు కిందికి మడవాలి, లేకపోతే చుట్టూ నల్లగా కనబడుతుంది.

తుంగగడ్డి

గజాల లెక్క సరే కానీ, గండిపేటలో అంచుకు అంత దగ్గరగా వెళ్ళే వీలు అన్ని చోట్లా లేదు. స్కోప్ ఉన్నవాళ్ళ పక్కన నిలబడితే నేర్చుకునేది వేరు. కొన్నా 20–60×80లో 60 మీద చూడొద్దు, వెలుగు వలయం 1.3 మి.మీ.కు పడిపోయి బొమ్మ మసకబారుతుంది. తొమ్మిది దాటాక నీటి మీద ఆవిరి ఆడుతుంది, అప్పుడు 30 దాటితే కాళ్ళు కూడా ఊగుతూ కనబడతాయి.

బీరంగూడ_వాసి

అందరికీ థ్యాంక్స్ అన్నా. నిన్న శిఖం వైపు గొర్రెల దారి గుండా వెళ్ళాను. వుడ్ ఐదు, కామన్ రెండు, పసుపు వ్యాగ్‌టెయిల్ ఒకటి. తెల్ల గాటు చూశాక కామన్ గురించి అనుమానం రాలేదు. ఇంకో రెండు అడుగుతాను. నడి నీళ్ళలో ఆరు గోధుమరంగు బాతులున్నాయి, మన చుక్కమూతి బాతు కన్నా చాలా చిన్నవి. ఆడవా, ఏ రకం? రెండోది, నీళ్ళ దగ్గరకు వెళ్ళలేని రోజున కాలనీలో, పార్కుల్లో చూడదగ్గవేమైనా ఉన్నాయా?

మత్తడి_దగ్గర

ఆరూ ఆడవే అనుకోకండి. ఈ నెలల్లో మగ బాతులు కూడా పెళ్ళి రంగులు రాల్చేసి ఆడవాటిలాగే ఉంటాయి. తేదీని బట్టి, పరిమాణాన్ని బట్టి గార్గనే అనుకుంటాను, బాతుల్లో అన్నిటికన్నా ముందు దిగేది అదే. ముఖం చూడండి: కంటి గుండా ఒక ముదురు గీత, దాని కింద చెంప మీద ఇంకోటి, ముక్కు మొదట్లో లేత మచ్చ. ముఖం గీతల గీతలుగా ఉంటే గార్గనే. ముఖం సాదాగా ఉండి, తోక పక్కన లేత గీత ఉంటే కామన్ టీల్. లేచినప్పుడు రెక్క ముందు భాగం లేత నీలం బూడిద అయితే అది మగ గార్గనే, ఆ రంగు ఏ కాలంలోనూ పోదు. కాబట్టి లేచే దాకా ఆగండి, మీరు లేపకండి. అక్టోబర్ నుంచి మార్ష్ హారియర్ అనే వేటపక్షి ఆ పని చేసి పెడుతుంది. రెక్కలు వి ఆకారంలో ఎత్తి, జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో ఊగుతూ వస్తుంది. నీళ్ళ మీద పక్షులన్నీ ఒక్కసారి లేచాయంటే ముందు ఆకాశం చూడాలి.

పిన్‌టెయిల్, షవెలర్ బాతులు అక్టోబర్‌లో మొదలై నవంబర్‌కి నిండుతాయి. బార్ హెడెడ్ గూస్ కోసం ఇప్పుడే అడగొద్దు, అది నిండు చలికాలం సరుకు.

నిమజ్జనం రోజుల్లో చెరువుల జోలికి పోకండి. క్రేన్లు, లైట్లు, డీజేలు. గొడవ సద్దుమణిగాక మూడో రోజు చూసుకోవచ్చు. సద్దుల బతుకమ్మ నాడు జనం సాయంత్రం వస్తారు, పొద్దున ఖాళీగానే ఉంటుంది.

సర్కారుతుమ్మ

కాలనీలో చాలా ఉంది, కానీ కళ్ళతో కాదు చెవులతో. సెప్టెంబర్‌లో వేప, రావి కొమ్మల్లో రెండు ముక్కలుగా "చిస్-వీ" అని సన్నగా, ఆగి ఆగి వినబడితే గ్రీనిష్ వార్బ్లర్. వేలెడంత ఆకుపచ్చ పిట్ట, రెక్క మీద సన్నని లేత చార, ఆకుల మధ్య ఒక్క క్షణం నిలవదు. బైనాక్యులర్ ఎత్తి వెతికితే దొరకదు. కదిలే ఆకును వట్టి కంటితో పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ళ ముందుకు తేవాలి. అది కనబడకపోయినా కూత స్పష్టంగా వింటే రాసుకోవచ్చు.

నేలకు దగ్గరగా పొదల్లో, సర్కారు తుమ్మలో, "టక్... టక్" అని గులకరాళ్ళు తాకినట్టుంటే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పేరులో రీడ్ ఉంది కదా అని జమ్ములో వెతుకుతారు. ఇక్కడది ఎక్కువగా పొదల్లోనే ఉంటుంది. బూటెడ్, సైక్స్ వార్బ్లర్ల జోలికి మొదటి ఏడాది వెళ్ళకండి, చేతిలో పట్టుకున్నవాళ్ళే తడబడతారు.

కేబీఆర్ పార్కులో పొద్దున నడిచే దారి వెంట వీటికి బాగుంటుంది. ఎర్రగొంతు ఫ్లైక్యాచర్ అక్టోబర్ తర్వాత. ఫోన్‌లో కూత పెట్టి పిలవొద్దు. రాత్రంతా ఎగిరొచ్చిన పిట్ట మేత మానేసి మీ ఫోన్ చుట్టూ తిరుగుతుంది. కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ను వినడానికి మాత్రమే వాడండి, అది చెప్పిన పేరును చూసి నిర్ధారించుకోకుండా రాయకండి. కాలనీలో మైనాల గోల, ఆటో హారన్ల మధ్య అది లేనివి కూడా చెప్తుంది.

కరెంటు తీగలు మరవొద్దు. నెల చివరికి బార్న్ స్వాలోలు వరసగా కూర్చుంటాయి: గొంతు ఎరుపు, దాని కింద నల్ల పట్టీ. కింద అంతా తెల్లగా, తల మీద ఎర్ర టోపీ ఉంటే అది వైర్ టెయిల్డ్, ఇక్కడిదే. గులాబీరంగు రోజీ స్టార్లింగులైతే ఆగస్టు నుంచే ఉంటాయి, కానీ పిల్లలు మట్టిరంగువి, లేత పసుపు ముక్కు. మైనాల గుంపులో కలిసిపోతాయి.

మన పాలపిట్ట సంగతి కూడా. సైబీరియా పక్షి కాదు కానీ అది కూడా కాలాన్ని బట్టి చోటు మారుతుంది. వానలు తగ్గాక బీడు భూముల్లో, తీగల మీద తేలుతుంది, దసరాకు కనబడటం ఊరికే కాదు. శంషాబాద్, శంకర్‌పల్లి వైపు తీగలు చూడండి. పండగ రోజు పంజరంలో చూపించి డబ్బులడిగేవాళ్ళకు రూపాయి ఇవ్వొద్దు, పట్టడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఈకలు కట్టేసిన ఆ పిట్ట వదిలినా ఎగరలేదు.

రెండు_కళ్ళు

ఆ ఐదు వుడ్, రెండు కామన్‌ను ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే సైటు) వేయండి. కట్ట, శిఖం ఒకే చెక్‌లిస్టులో కలపకండి, లోతు వేరు కాబట్టి పక్షులూ వేరు. మొదలెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం, ఈ మూడూ కావాలి. తీతువులు, కొంగలు మామూలేగా అని వదిలేస్తే "అన్నీ రాశారా" అన్న ప్రశ్నకు అవునని కొట్టకూడదు. జాతి తేలని స్టింట్‌ను ఊహించి లిటిల్ అని రాయకండి, స్టింట్ వరకే ఆపి రాసే వీలుంది. గుంపు పెద్దదైతే ఒక చివర పదింటిని విడిగా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర పట్టాయో కంటికి పట్టించుకుని, అదే కొలతతో చివరిదాకా కొలవండి. అక్టోబర్ రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం, ఆ రోజు చాలామంది తిరుగుతారు, ఎవరికైనా తోడు వెళ్ళొచ్చు.

మత్తడి_దగ్గర

గండిపేట గేట్లు ఎత్తినట్టు ప్రకటన వస్తే ఆ రెండు రోజులు నార్సింగి, మంచిరేవుల వైపు మూసీ ఒడ్డుకు దిగకండి. నీళ్ళు తగ్గాక బయటపడ్డ రాళ్ళ మీద చూడండి, గ్రే వ్యాగ్‌టెయిల్‌కు అలాంటి చోటే కావాలి.